తీగ పీకినా పనిచేయాలి: ఇంటి నెట్‌వర్క్ ప్రాజెక్టు డైరీ

ఇంట్లో ఉన్న పరికరం ఇంటి పని ఇంట్లోనే చేయాలి. లైటు వెలగడానికి ఎక్కడో ఉన్న సర్వర్ ఒప్పుకోవాల్సిన అవసరం ఉండకూడదు. కెమెరాలో కనిపించేది మనకు తప్ప ఎవరికీ కనిపించకూడదు. అప్‌డేట్ పేరుతో మన సెట్టింగులు మనకు తెలియకుండా మారకూడదు. ఈ ప్రాజెక్టు లక్ష్యం అంతే.

ఇదే పని చేద్దామనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. దారి తప్పిన చోట్ల గురించే ఎక్కువ రాశాను, ఎందుకంటే టైమంతా తినేసేవి అవే. రూటర్ పేజీలోకి వెళ్లి ఐపీ అడ్రస్ మార్చడం వస్తే మొదలుపెట్టొచ్చు.

దశ 1: లెక్క తీయడం

రూటర్‌లో డీహెచ్‌సీపీ పట్టిక (ఏ పరికరానికి ఏ ఐపీ అడ్రస్ ఇచ్చిందో చూపే జాబితా) తెరిస్తే 19 పరికరాలు కనిపించాయి. ఫోన్లు 4, ల్యాప్‌టాప్‌లు 2, టీవీ 1, కెమెరాలు 2, బల్బులు 5, స్మార్ట్ ప్లగ్‌లు 2, ప్రింటర్ 1, వాయిస్ స్పీకర్ 1, ఇల్లు ఊడ్చే రోబో 1. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పక్కనపెడితే మిగిలిన 13 ఈ డైరీకి సంబంధించినవి.

1. ప్రతి పరికరం మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య) రాసుకోండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ చూపిస్తాయి. రూటర్ మార్చి పేరు మారిస్తే ఒకే ఫోన్ రెండుసార్లు కనిపించొచ్చు.
2. గుర్తుపట్టలేనిది ఉంటే దాన్ని బ్లాక్ చేసి, ఇంట్లో ఏది ఆగిందో చూడండి.
3. వైఫై అలాగే ఉంచి, రూటర్‌లోకి వచ్చే ఇంటర్నెట్ తీగ పీకేయండి. ఒక్కో పరికరం తన అసలు పని చేస్తోందో లేదో రాసుకోండి.

మూడో మెట్టే అన్నిటికన్నా ముఖ్యం. తీగ పీకితే టీవీ తెరుచుకుంది, ప్రింటర్ ప్రింట్ తీసింది. మిగతావన్నీ ఆగిపోయాయి. బల్బులు గోడ స్విచ్‌కి తప్ప దేనికీ పలకలేదు. ఫోన్, బల్బు ఒకే వైఫై మీద, ఒకే గదిలో ఉన్నా మధ్యలో కంపెనీ సర్వర్ లేకపోతే ఒకదానితో ఒకటి మాట్లాడలేకపోయాయి. రోబో బటన్ నొక్కితే కదిలింది కానీ టైం ప్రకారం మొదలవలేదు.

దీన్ని చిన్న అసౌకర్యం అనుకుని వదిలేయకండి. రివాల్వ్ అనే స్మార్ట్ హోమ్ హబ్‌ని నెస్ట్ అనే కంపెనీ కొనేసింది. తర్వాత 2016 మేలో సర్వీసు ఆపేసింది. డబ్బు పెట్టి కొన్న హబ్ ఆ రోజు నుంచి ఎందుకూ పనికిరాలేదు. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ముందు మాట లేకుండా ఆగిపోయాయి. తీగ పీకి చేసే పరీక్ష, కంపెనీ మూతపడిన రోజు మన ఇల్లు ఎలా ఉంటుందో ఈ రోజే చూపిస్తుంది.

ఇప్పటిదాకా లెక్క
తీగ పీకితే పనిచేసేవి: 13లో 2

దశ 2: రూటర్ మన చేతికి రావాలి

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్‌తో ముందుకు వెళ్లలేం. డీఎన్ఎస్ (సైటు పేరు చెబితే దాని ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్) మార్చే గడే లేదు. మనకిచ్చే లాగిన్ ఒకటి, పూర్తి అధికారాలున్న లాగిన్ వాళ్ల దగ్గర ఇంకొకటి. టీఆర్-069 అనే పద్ధతిలో కంపెనీ దూరం నుంచే రూటర్ సెట్టింగులు మార్చగలదు, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించగలదు. దానికి మామూలుగా వాడేది 7547 పోర్ట్ (పోర్ట్ అంటే ఒక్కో రకం ట్రాఫిక్‌కి ఉండే నంబరు ద్వారం). 2016 నవంబరులో డాయిష్ టెలికామ్ వినియోగదారుల్లో దాదాపు 9 లక్షల మందికి కనెక్షన్ పోయింది. మిరాయ్ మాల్వేర్ కొత్త రూపం ఒకటి అదే పోర్ట్ ద్వారా రూటర్ల మీద పడడమే కారణం. మన ఇంటి గేటు తాళం ఇంకొకరి దగ్గర ఉంటే, ఆ తాళం దొంగ చేతికి కూడా వెళ్లొచ్చు.

బ్రిడ్జ్ మోడ్ (కనెక్షన్‌ని నేరుగా మన రూటర్‌కి అందించే పద్ధతి) పెట్టమని కస్టమర్ కేర్‌ని అడిగితే ఈ ప్లాన్‌లో కుదరదన్నారు. అందుకని వాళ్ల రూటర్‌ని అలాగే ఉంచి, దాని వెనక ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన సొంత రూటర్ పెట్టాను. వాళ్లదాంట్లో వైఫై ఆఫ్. ఇంటి పరికరాలన్నీ ఇప్పుడు నా రూటర్ కిందే ఉన్నాయి.

కొనే ముందు చూడాల్సినవి రెండు. ఆ మోడల్ పేరే కాదు, వెనక స్టిక్కర్ మీద ఉండే హార్డ్‌వేర్ వెర్షన్ కూడా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో ఉండాలి. ఒకే పేరుతో లోపల వేరే చిప్ పెట్టి అమ్ముతారు. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాత రూటర్ల మీద ఇప్పటి వెర్షన్లు నడవవు. కనీసం 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉన్నది తీసుకోండి.

రెండు రూటర్లు వరసగా ఉంటే రెండుసార్లు నాట్ (లోపలి అడ్రసులను బయటి ఒక్క అడ్రస్‌గా మార్చడం) జరుగుతుంది. బ్రౌజింగ్‌కి తేడా రాదు. బయటి నుంచి ఇంటికి కనెక్ట్ అవ్వాలంటే మాత్రం ఇబ్బంది, అది దశ 7లో.

దశ 3: ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు

ఆపే ముందు వినాలి. రూటర్ మీద టీసీపీడంప్ అనే ట్రాఫిక్ రికార్డు చేసే టూల్ పెట్టి, ఒక్కో పరికరం ట్రాఫిక్‌ని ఫైల్‌లోకి తీసి, ల్యాప్‌టాప్‌లో దాన్ని చదివే వైర్‌షార్క్‌తో తెరిచాను. దాదాపు అంతా టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌లో మూసి ఉంటుంది కాబట్టి లోపలి విషయం చదవలేం. కానీ ఏ సర్వర్‌కి, ఎంత, ఎప్పుడు అన్నవి బయటికి కనిపిస్తాయి. చాలా విషయాలకు ఆ మూడు చాలు.

టీవీ దగ్గర ఎక్కువసేపు ఆగాను. స్టాండ్‌బైలో ఉన్న టీవీ కొన్ని నిమిషాలకోసారి బయటికి పలకరింపులు పంపుతోంది. అది ఊహించిందే. హెచ్‌డీఎంఐ తీగతో ల్యాప్‌టాప్ కలిపి, అందులో ఇంటి ఫొటోలు టీవీ మీద చూపించినప్పుడు అసలు సంగతి బయటపడింది. టీవీలో ఏ యాప్ తెరవలేదు. అయినా వైర్‌షార్క్ తెర మీద టైం కాలమ్‌లో 15 సెకన్లకో వరస పడుతోంది: అదే సర్వర్, దాదాపు అదే పరిమాణం, మళ్లీ మళ్లీ. టీవీ మెనూలో లోపలెక్కడో ‘వీక్షణ సమాచార సేవ’ అని ఉన్న టిక్ తీసేశాను. ఆ వరసలు ఆగాయి. మళ్లీ టిక్ పెట్టాను. మొదలయ్యాయి.

దీన్ని ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్ అంటారు. తెర మీద ఉన్న బొమ్మ నుంచి ఒక చిన్న గుర్తు తయారుచేసి, సర్వర్‌లో ఉన్న సినిమాలు, కార్యక్రమాలు, ప్రకటనల గుర్తులతో పోల్చి, మనం ఏం చూస్తున్నామో తేలుస్తుంది. ఆ బొమ్మ టీవీ యాప్ నుంచి వచ్చిందా, మనం తగిలించిన తీగ నుంచి వచ్చిందా అన్న తేడా దానికి లేదు. విజియో టీవీలు ఇదే పని సరైన అనుమతి లేకుండా చేశాయని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 2017 ఫిబ్రవరిలో ఆ కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 1.1 కోట్ల టీవీల నుంచి సెకను సెకనుకీ సమాచారం తీశారన్నది ఆరోపణ. ఇది కేవలం ఒక కంపెనీ కథ అయితే నేను టీవీ దగ్గర ఇంతసేపు ఆగేవాణ్ణి కాదు.

పోలిక చెడకుండా ఉండాలని ఆ టిక్‌ని దశ 9 వరకు ఆన్‌లోనే ఉంచాను.

24 గంటల అప్‌లోడ్, 13 పరికరాలు: కెమెరాలు 148 ఎంబీ, టీవీ 37, స్పీకర్ 19, మిగతావన్నీ కలిపి 8. కెమెరాల్లో ఒకదానికి యాప్‌లో ‘రికార్డింగ్ ఆఫ్’ అని పెట్టి కొలిచాను. ఆ ఒక్కటే 48 ఎంబీ పైకి పంపింది. ఆఫ్ అని రాసి ఉన్న బటన్ ఏం ఆపుతుందో, ఏం ఆపదో యాప్‌లో ఎక్కడా లేదు. కంపెనీకి మెయిల్ రాస్తే ‘సేవ మెరుగుపరచడానికి’ అని ఒక వాక్యం వచ్చింది.

ఇప్పటిదాకా లెక్క
తీగ పీకితే పనిచేసేవి: 13లో 2
రోజు అప్‌లోడ్: 212 ఎంబీ
అదనపు కరెంటు: 7 వాట్లు (రూటర్)

దశ 4: డీఎన్ఎస్ దగ్గర ఆపడం

ఏ పరికరమైనా సర్వర్ పేరు చెప్పి దాని ఐపీ ఏంటని ముందు డీఎన్ఎస్‌ని అడుగుతుంది. ఆ ప్రశ్న ఇంట్లోనే అందుకుని, నిఘా సర్వర్ల పేర్లకు 0.0.0.0 (ఎక్కడికీ చేరని అడ్రస్) అని జవాబివ్వడమే పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్ చేసే పని. రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు సరిపోతుంది. కొలిస్తే 3 వాట్లు.

1. బోర్డుకి వైఫై వద్దు, తీగతో కలపండి. మారని ఐపీ ఇవ్వండి.
2. మెమరీ కార్డుకి బదులు యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ వాడండి. డీఎన్ఎస్ చిట్టా రోజంతా రాస్తూనే ఉంటుంది, ఆ రాతలకు కార్డు త్వరగా అరుగుతుంది.
3. రూటర్ డీహెచ్‌సీపీలో డీఎన్ఎస్‌గా ఈ ఐపీ ఒక్కటే ఇవ్వండి. రెండో గడిలో బయటి డీఎన్ఎస్ పెడితే పరికరాలు దాన్ని కూడా వాడతాయి. ‘మొదటిది ఆగితేనే రెండోది’ అన్న గ్యారంటీ ఏమీ లేదు.

మొదటి రోజు ప్యానెల్‌లో 38 శాతం బ్లాక్ అయినట్టు చూపించింది. ఈ శాతాన్ని నమ్ముకోకండి. బ్లాక్ అయిన పేరు కోసం కొన్ని పరికరాలు ఆగకుండా మళ్లీ మళ్లీ అడుగుతాయి. స్పీకర్ అంతకుముందు గంటకు పదుల్లో అడిగేది, బ్లాక్ చేశాక వందల్లో అడిగింది. ప్రశ్నలు పెరిగినకొద్దీ శాతం పెరుగుతుంది, బయటికి పోయే డేటా మాత్రం దాదాపు అంతే. నేను చూసే అంకె అప్‌లోడ్ ఎంబీ మాత్రమే. అది 212 నుంచి 203కి తగ్గింది, అంతే. కెమెరాల డేటాలో ఒక్క ఎంబీ తగ్గలేదు.

ఇంకో సమస్య నెట్‌వర్క్‌కి సంబంధించింది కాదు. పై-హోల్ చిట్టా తెరిస్తే ఇంట్లో ఎవరు ఏ సైటు చూశారో టైంతో సహా నా ముందు ఉంది. కంపెనీ చేస్తున్నదాన్ని ఆపడానికి మొదలుపెట్టిన పనిలో, అదే పని ఇంట్లోవాళ్ల మీద నేను చేయగలిగే స్థితి వచ్చింది. ఇది నాకు ఏమాత్రం సమ్మతం కాదు. ఇలా మార్చాను:

1. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలకు చిట్టా రాయని వేరే డీఎన్ఎస్ సర్వీసు, అదే బోర్డు మీద.
2. పరికరాలకు మాత్రం చిట్టా, అది కూడా 7 రోజులకే.
3. ఫోన్లలో ప్రకటనల బ్లాకింగ్ కావాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. చెల్లి వద్దంది. తన ఫోన్‌కి తీసేశాను.

ఈ పని చేసే ప్రతివాళ్లూ మొదటి రోజే ఈ మార్పు చేయాలని గట్టిగా చెబుతాను.

ఇప్పటిదాకా లెక్క
తీగ పీకితే పనిచేసేవి: 13లో 2
రోజు అప్‌లోడ్: 203 ఎంబీ
అదనపు కరెంటు: 10 వాట్లు

దశ 5: తప్పించుకునే దారులు

టీవీ పై-హోల్‌ని చాలా తక్కువ అడుగుతోందని అనుమానం వచ్చి, రూటర్ మీద 53 పోర్ట్ (డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్లేది) ట్రాఫిక్‌లో పై-హోల్‌కి వెళ్లనివి ఏరాను. టీవీ నేరుగా 8.8.8.8ని అడుగుతోంది. అది గూగుల్ అందరికీ ఇచ్చే డీఎన్ఎస్. డీహెచ్‌సీపీలో మనం ఏం ఇచ్చినా పట్టించుకోకుండా, ఫర్మ్‌వేర్‌లోనే ఆ అడ్రస్ రాసేశారు.

దారి మళ్లింపు: 53 పోర్ట్‌కి ఏ పరికరం ఎక్కడికి పంపినా పై-హోల్‌కే చేరేలా రూటర్‌లో రూల్. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. పై-హోల్‌ బోర్డుకి ఆ రూల్ నుంచి మినహాయింపు ఇవ్వాలి. లేకపోతే అది బయటికి పంపే ప్రశ్న తిరిగి దాని దగ్గరికే వస్తుంది, ఇంట్లో అందరికీ నెట్ ఆగిపోతుంది. రెండోది: టీవీ, పై-హోల్ ఒకే సబ్‌నెట్‌లో (ఒకే ఐపీ అడ్రసుల గుంపులో) ఉంటే జవాబు రూటర్ గుండా రాకుండా నేరుగా టీవీకి వెళ్తుంది. 8.8.8.8ని అడిగితే వేరే ఐపీ నుంచి జవాబు వచ్చిందని టీవీ పారేస్తుంది. మాస్కరేడ్ (పంపినవాళ్ల అడ్రస్ బదులు రూటర్ అడ్రస్ పెట్టడం) పెడితే పనిచేస్తుంది కానీ అప్పుడు ప్రశ్నలన్నీ రూటర్ అడిగినట్టు కనిపిస్తాయి. వేరే సబ్‌నెట్‌కి మారిస్తే మాస్కరేడ్ అక్కర్లేదు. దశ 6కి వెళ్లడానికి సగం కారణం ఇదే.

ఐపీవీ6 (ఐపీ అడ్రసుల కొత్త రకం, పాతది ఐపీవీ4): రూటర్ పరికరాలకు పంపే ఐపీవీ6 సమాచారంలో ఇంటర్నెట్ కంపెనీ డీఎన్ఎస్ కూడా పోతోంది. ఐపీవీ4లో ఎంత కట్టడి చేసినా పరికరాలు ఆ దారిన వెళ్తాయి. బోర్డుకి ఎఫ్‌డీతో మొదలయ్యే లోకల్ అడ్రస్ ఇచ్చి, దాన్నే డీఎన్ఎస్‌గా ప్రకటించాను.

853 పోర్ట్: టీఎల్ఎస్ మీద నడిచే డీఎన్ఎస్‌ది. పరికరాల నుంచి పూర్తిగా మూసేశాను.

443 పోర్ట్: హెచ్‌టీటీపీఎస్ మీద నడిచే డీఎన్ఎస్ మామూలు వెబ్ ట్రాఫిక్‌లో కలిసిపోతుంది. పోర్ట్ మూస్తే వెబ్ మొత్తం ఆగుతుంది. తెలిసిన డీఎన్ఎస్ సర్వర్ల ఐపీలు జాబితాగా బ్లాక్ చేయొచ్చు, కానీ ఆ జాబితా ఎప్పటికీ పూర్తవదు. పేరు చూసి ఆపే పద్ధతికి ఇక్కడే హద్దు. ఆ హద్దు తర్వాత ఏం చేయాలన్నా, అన్నీ ఆపేసి కావలసినవి మాత్రమే తెరవాలి.

ఫోన్ల మీద వీటిలో ఏదీ పెట్టలేదు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్‌ని ఎవరైనా తమ ఫోన్‌లో ఎంచుకుంటే అది వాళ్ల నిర్ణయం. మనిషి ఎంచుకున్న ఎన్‌క్రిప్షన్ వేరు, యజమానిని తప్పించుకోవడానికి పరికరం వాడే ఎన్‌క్రిప్షన్ వేరు.

రోజు అప్‌లోడ్: 178 ఎంబీ. టీవీ ఒక్కటే 31 నుంచి 9కి దిగింది.

దశ 6: పరికరాలకు వేరే నెట్‌వర్క్

మూడు వీల్యాన్‌లు (ఒకే రూటర్ మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు): 10 మనుషులకు, 20 పరికరాలకు, 30 అతిథులకు. సబ్‌నెట్‌లు 192.168.10, 192.168.20, 192.168.30. ఒక్కోదానికి వేరే వైఫై పేరు.

రూల్స్ నాలుగు:
1. మనుషుల నెట్‌వర్క్ నుంచి పరికరాలకు: ఓకే.
2. పరికరాల నుంచి మనుషుల నెట్‌వర్క్‌కి: వద్దు.
3. పరికరాల నుంచి ఇంటర్నెట్‌కి: వద్దు. జాబితాలో ఉన్నవాటికి మాత్రమే తాత్కాలికంగా.
4. యూపీఎన్‌పీ ఆఫ్. ఏ పరికరమూ తనంతట తాను బయటికి పోర్ట్ తెరవకూడదు.

రెండో రూల్ ఎందుకంటే, 2016లో మిరాయ్ వ్యాపించింది ఇలాంటి కెమెరాలు, రికార్డర్ల మీదే. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు 60 పైచిలుకు ప్రయత్నించడమే అది చేసిన పని. వాటితో ఆ అక్టోబరులో డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద దాడి చేస్తే పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి అందలేదు. అలాంటి కెమెరా మన ల్యాప్‌టాప్ పక్కనే కూర్చోకూడదు.

ఇక్కడ తెగినవి, వాటికి చేసినవి:

బల్బులు చేరలేదు. కొత్త వైఫైకి డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 అనే రెండు భద్రతా పద్ధతులు కలిపి పెట్టాను. బల్బులకు ఆ కలయిక అర్థం కాలేదు. పరికరాల వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ2 మాత్రమే పెడితే ఐదూ చేరాయి.

ఫోన్‌కి ప్రింటర్ కనిపించలేదు. పరికరాలు తమ ఉనికి చాటుకునే ఎమ్‌డీఎన్ఎస్ 224.0.0.251కి, 5353 పోర్ట్ మీద పోతుంది. అది ఒక సబ్‌నెట్ దాటదు. రూటర్ మీద అవాహీ అనే సాఫ్ట్‌వేర్‌ని రిఫ్లెక్టర్‌గా పెడితే ఇటు ప్రకటనలు అటు వినిపిస్తాయి. 10, 20 మధ్య మాత్రమే పెట్టండి, అతిథులకు వద్దు.

టీవీ హోమ్ తెర రావడానికి 40 సెకన్లు పట్టింది. “రిమోట్ పాడైందా ఏంటి, ఎంత నొక్కినా కదలదు?” అని నాన్నగారు అడిగారు. ఫైర్‌వాల్‌లో ‘డ్రాప్’ పెట్టడం కారణం. డ్రాప్ అంటే ప్యాకెట్‌ని జవాబు లేకుండా పారేయడం. టీవీ టైమౌట్ అయ్యేదాకా ఎదురుచూస్తుంది, తర్వాత ఇంకో సర్వర్‌ని ప్రయత్నిస్తుంది. ‘రిజెక్ట్’కి మారిస్తే వెంటనే కాదన్న జవాబు వెళ్తుంది. 40 సెకన్లు 6 అయ్యాయి. లోపలి పరికరాలకు రిజెక్ట్, బయటి నుంచి వచ్చేవాటికి డ్రాప్ అని గుర్తుపెట్టుకోండి.

కెమెరా గడియారం వెనకబడింది, వారానికి అర నిమిషం చొప్పున. 123 పోర్ట్ మీద బయటి టైం సర్వర్ అందకపోవడమే కారణం. రూటర్‌నే ఎన్‌టీపీ (టైం చెప్పే) సర్వర్ చేసి, ఆ పోర్ట్‌ని దానికి మళ్లించాను.

ఇప్పటిదాకా లెక్క
తీగ పీకితే పనిచేసేవి: 13లో 2
రోజు అప్‌లోడ్: 175 ఎంబీ (కెమెరాలు, టీవీ, స్పీకర్, బల్బులు ఇంకా మినహాయింపు జాబితాలోనే)
అదనపు కరెంటు: 10 వాట్లు

దశ 7: కెమెరాలు

అన్నిటికన్నా ఎక్కువ పని ఇక్కడే, ఎక్కువ అవసరమూ ఇక్కడే. రింగ్ అనే కంపెనీ కెమెరాల్లో ఉద్యోగులు, కాంట్రాక్టర్లు జనం ఇళ్లలోని వీడియోలు చూడగలిగారన్న కేసులో, 2023లో ఆ కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. యూఫీ అనే కంపెనీ తన కెమెరాల ఫుటేజ్ ఇంట్లోనే ఉంటుందని చెప్పుకుంది. 2022 చివర్లో భద్రతా పరిశోధకులు చూస్తే థంబ్‌నెయిల్ బొమ్మలు క్లౌడ్‌కి వెళ్తున్నాయని తేలింది. డబ్బా మీద రాసిన మాటతో సరిపెట్టుకోలేం. గేటు దగ్గర కొలవాలి.

నా రెండింటిలో ఒకదానికి ఆర్‌టీఎస్‌పీ (కెమెరా వీడియోని ఇంటి నెట్‌వర్క్‌లోనే నేరుగా తీసుకునే పద్ధతి) ఉంది, 554 పోర్ట్. యాప్‌లో మూడు మెనూల లోపల వేరే పాస్‌వర్డ్ పెడితేనే తెరుచుకుంటుంది. రెండోదానికి కొన్నప్పుడు ఉండేది. ఒక అప్‌డేట్ తర్వాత ఆ మెనూ మాయమైంది. కంపెనీని అడిగితే ‘భద్రత కోసం తొలగించాం, క్లౌడ్ ప్లాన్ వాడండి’ అన్నారు. పాత ఫర్మ్‌వేర్ ఎక్కించబోతే కెమెరా ఒప్పుకోలేదు. దాన్ని తీసేసి ఆన్‌విఫ్ (వేరే కంపెనీల రికార్డర్లతోనూ కెమెరా పనిచేయడానికి ఉన్న ప్రమాణం) ఉన్న కెమెరా పెట్టాను. ఈ ప్రాజెక్టులో నాకు కోపం వచ్చిన చోటు ఇదే. డబ్బులు తీసుకుని అమ్మిన సౌకర్యాన్ని ఇంట్లోకి వచ్చి పట్టుకుపోవడమే కదా ఇది.

రికార్డింగ్‌కి పాత మినీ పీసీ మీద ఫ్రిగేట్ అనే సాఫ్ట్‌వేర్, 11 వాట్లు. డిస్క్ లెక్క ఇలా:

1. 1080పీ, సెకనుకు 15 ఫ్రేములు, దాదాపు 2 ఎంబీపీఎస్.
2. ఒక కెమెరాకి రోజుకు 21.6 జీబీ. రెండింటికి 43.2.
3. 1 టీబీ డిస్క్‌లో ఆగకుండా రికార్డ్ చేస్తే 23 రోజులు. కదలిక ఉన్నప్పుడు మాత్రమే దాచితే ఇంకా చాలా ఎక్కువ.

కదలిక గుర్తించడానికి మెయిన్ స్ట్రీమ్ ఇచ్చినప్పుడు మినీ పీసీ ప్రాసెసర్ 85 శాతంలో ఉండిపోయింది, ఫ్యాన్ మోత. గుర్తింపుకి 640×360 చిన్న స్ట్రీమ్, దాచడానికి పెద్ద స్ట్రీమ్ అని విడదీస్తే 20 శాతానికి దిగింది.

బయట ఉన్నప్పుడు చూడడానికి పోర్ట్ తెరిచి కెమెరాని ఇంటర్నెట్‌కి చూపించడం మాత్రం చేయకండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (బయటి నుంచి ఇంటికి ఎన్‌క్రిప్ట్ అయిన దారి) వాడాను. సరైన కీ లేని ప్యాకెట్‌కి అది జవాబే ఇవ్వదు కాబట్టి, వెతికేవాళ్లకు అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. ఇబ్బంది ఏంటంటే, ఇంటర్నెట్ కంపెనీ రూటర్‌కి వచ్చిన అడ్రస్ 100.64తో మొదలైంది. అంటే పబ్లిక్ ఐపీవీ4 లేదు, చాలా ఇళ్లకు కలిపి ఒకటే ఇచ్చారు. ఇక బయటి నుంచి ఐపీవీ4తో రాలేం. ఐపీవీ6లో ఇంటి రూటర్‌కి నేరుగా అడ్రస్ ఉంది, వాళ్ల రూటర్ ఫైర్‌వాల్‌లో 51820 యూడీపీ తెరిస్తే కనెక్ట్ అయింది. ఐపీవీ6 లేని వైఫై నుంచి మాత్రం కుదరదు. మొబైల్ డేటాతో వస్తుంది, నాకు అది చాలు.

ఇప్పటిదాకా లెక్క
తీగ పీకితే పనిచేసేవి: 13లో 4
రోజు అప్‌లోడ్: 27 ఎంబీ
అదనపు కరెంటు: 21 వాట్లు, అంటే రోజుకు అర యూనిట్

దశ 8: ప్లగ్‌లు, బల్బులు

మొదటి ప్లగ్ విప్పితే ఈఎస్‌పీ8266 చిప్. కంపెనీ సర్వర్ లేకుండా నడిచే టాస్మోటా అనే ఫర్మ్‌వేర్ ఎక్కించాను.

1. ప్లగ్‌ని గోడ నుంచి తీసేయండి. ఎక్కిస్తున్నంతసేపూ మెయిన్స్ కరెంటు ఛాయలకు కూడా పోకూడదు. ఈ ప్లగ్‌ల్లో లోపలి గ్రౌండ్ మెయిన్స్‌తో కలిసి ఉండొచ్చు, ప్రాణానికే ప్రమాదం.
2. యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌ని 3.3 వోల్ట్‌లకు మార్చండి. 5 వోల్ట్‌లు ఇస్తే చిప్ పోతుంది.
3. చిప్ మీది జీపీఐఓ0 పిన్‌ని గ్రౌండ్‌కి కలిపి పవర్ ఇవ్వండి. అప్పుడే ఫ్లాష్ మోడ్‌లోకి వెళ్తుంది.
4. ముందు ఉన్న ఫర్మ్‌వేర్ కాపీ తీసుకున్నాకే కొత్తది ఎక్కించండి.

అడాప్టర్ ఇచ్చే 3.3 వోల్ట్‌ల కరెంటు చాలక మధ్యలో ఆగిపోతుంటే, వేరే 3.3 వోల్ట్‌ల సప్లై ఇచ్చి రెండింటి గ్రౌండ్ కలిపాను. ఆ తర్వాత సాఫీగా ఎక్కింది.

రెండో ప్లగ్ చూడ్డానికి అదే, అదే డబ్బా, లోపల బెకెన్ చిప్. టాస్మోటా దాని మీద నడవదు. దానికి ఓపెన్‌బెకెన్ అనే వేరే ఫర్మ్‌వేర్ ఉంది, అది ఎక్కించాను. ముందు విప్పి చూడండి, తర్వాతే ఫైల్ దించుకోండి.

బల్బులు విప్పేలా లేవు, అంటించేసి ఉన్నాయి. అయితే ఇంట్లోనే మాట్లాడే ప్రోటోకాల్ ఒకటి వాటికి ఉంది. దాని కీ కంపెనీ ఖాతాలో ఉంటుంది. ఖాతా నుంచి కీ తీసి హోమ్ అసిస్టెంట్‌లో (పరికరాలను ఇంట్లోనుంచే నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టాక బల్బులకు ఇంటర్నెట్ ఆపేశాను. ఐదూ పనిచేస్తున్నాయి, స్పందన కూడా మెరుగైంది: నొక్కాక వెలగడానికి ముందు సెకను పైగా పట్టేది, ఇప్పుడు 0.2 సెకన్లు. బల్బుని రీసెట్ చేస్తే కీ మారిపోతుంది. ఐదు కీలూ కాగితం మీద రాసి పెట్టాను.

తీగ పీకితే పనిచేసేవి: 13లో 11. రోజు అప్‌లోడ్: 25 ఎంబీ, అంతా టీవీ, స్పీకర్‌లదే.

దశ 9: టీవీ, స్పీకర్

టీవీలో ఆ వీక్షణ టిక్ ఆఫ్ చేసి, అప్‌డేట్‌కి వదిలాను. అప్‌డేట్ అయ్యాక కొత్త షరతుల పేజీ వచ్చింది. ‘అన్నీ ఒప్పుకుంటున్నాను’ అన్న బటన్ పెద్దగా, మిగతా దారి బూడిద రంగు అక్షరాల్లో. ఒక్కోటి చూసి దాటుకుంటూ వెళ్లి మెనూ తెరిస్తే టిక్ మళ్లీ ఆన్‌లో ఉంది. 15 సెకన్ల వరసలు మళ్లీ మొదలయ్యాయి. ఇక సెట్టింగుల మీద టైం పెట్టలేదు.

టీవీలో నెట్‌వర్క్ రీసెట్ చేసి వైఫై పాస్‌వర్డ్ మరిచిపోయేలా చేశాను. ఇప్పుడది ఒక తెర మాత్రమే. సినిమాలు, పాటలు అన్నీ హెచ్‌డీఎంఐ ద్వారా చిన్న పీసీ నుంచి, వైర్‌లెస్ కీబోర్డుతో. కీబోర్డు నాన్నగారికి నచ్చలేదు. టీవీ రిమోట్ సిగ్నల్‌నే పీసీకి పంపే హెచ్‌డీఎంఐ-సీఈసీ అడాప్టర్ పెట్టాక రిమోట్‌తోనే నడుస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ అడాప్టర్ మొదటే తెప్పించండి. టీవీ ఫర్మ్‌వేర్ అవసరమైతే యూఎస్‌బీ డ్రైవ్‌తో.

స్పీకర్‌ని తీసేశాం. పిల్లల గొంతు రికార్డింగులు తొలగించమన్నా ఉంచుకున్నారన్న కేసులో అమెజాన్ 2023లో 2.5 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. 2025 మార్చి 28 నుంచి, ఎకో స్పీకర్లు కొన్నిట్లో ఉన్న ‘రికార్డింగులు పంపవద్దు’ అన్న ఎంపికే ఎత్తేసింది. ఇవాళ ఉన్న బటన్ రేపు ఉంటుందన్న భరోసా లేనప్పుడు, ఇంట్లో మైకు పెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. టైమర్లకు వంటింట్లో మామూలు టైమర్ వచ్చింది.

ఇప్పటిదాకా లెక్క
తీగ పీకితే పనిచేసేవి: 12లో 11
రోజు అప్‌లోడ్: 0
అదనపు కరెంటు: 21 వాట్లు, దశ 9లో వచ్చిన చిన్న పీసీ ఆన్‌లో ఉన్నప్పుడు ఇంకో 9

దశ 10: ఖాతాలు మూయడం

యాప్ తీసేస్తే ఖాతా పోదు. పాత ఫుటేజ్, ఇంటి మ్యాప్, అలవాట్ల చిట్టా అక్కడే ఉంటాయి.

1. ముందు మన డేటా కాపీ దించుకోండి.
2. పరికరాలను ఖాతా నుంచి విడదీయండి. ఈ మెట్టు వదిలేస్తే తర్వాత ఎవరికైనా ఇచ్చినా వాళ్లకు పనిచేయదు.
3. సేవ్ అయిన కార్డు వివరాలు తీసేయండి.
4. ఖాతా తొలగించమని అడగండి, జవాబు మెయిల్ దాచుకోండి.

బల్బుల ఖాతా కీలు తీశాకే. కెమెరా కంపెనీలో తొలగించే బటనే లేదు. మెయిల్ పెడితే గుర్తింపు కార్డు కాపీ పంపమన్నారు. ఖాతా తెరిచేటప్పుడు ఒక మెయిల్ ఐడీ సరిపోయింది. అదే ఐడీ నుంచి రాస్తున్నానని, ఇంకే కాగితమూ ఇవ్వనని జవాబిచ్చాను. రెండోసారి గుర్తుచేశాక తొలగించినట్టు రాశారు.

ఇంకా ఉన్న పనులు

రోబో: బటన్‌తోనే నడుస్తోంది. క్లౌడ్ లేకుండా రోబోలను నడిపే వాలెట్యూడో అనే సాఫ్ట్‌వేర్ ఉంది కానీ దాని జాబితాలో ఈ మోడల్ లేదు. పాడయ్యేదాకా ఇంతే. తర్వాత కొనేది జాబితా చూసి.

అప్‌డేట్‌లు: ఇంటర్నెట్ మూసేశామంటే భద్రతా సవరణలూ ఆగాయన్నమాట. నెలకోసారి కెమెరా, ప్రింటర్ ఫర్మ్‌వేర్ నోట్స్ చదువుతాను. భద్రతా లోపం సరిచేసినది ఉంటేనే ఆ ఒక్క పరికరానికి గంటసేపు గేటు తెరిచి, మూసేసి, తీగ పీకి పరీక్ష మళ్లీ చేస్తాను. ప్రింటర్ విషయంలో మరీ జాగ్రత్త: 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని ఫర్మ్‌వేర్ కారణంగా ఉన్నట్టుండి వేరే కంపెనీల ఇంక్‌ని తిరస్కరించాయి.

బ్యాకప్: రూటర్ కాన్ఫిగరేషన్, హోమ్ అసిస్టెంట్, బల్బుల కీలు ఒక యూఎస్‌బీ డ్రైవ్ మీదికి. నేను ఇంట్లో లేనప్పుడు రూటర్ ఆగితే చెల్లి ఏం చేయాలో ఒక పేజీ రాయాలి: కంపెనీ రూటర్‌లో వైఫై ఎలా ఆన్ చేయాలి, బల్బులు గోడ స్విచ్‌తో ఎలా. ఆ పేజీ ఇంకా సగంలో ఉంది.